కొండ మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పాలి?

తిరుమల నుంచి తిరుపతికి దిగే పాత ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు. ఈసారి దిగేటప్పుడు బస్సు డ్రైవరు చేతులు గమనించండి. ఒక్కో మలుపుకు స్టీరింగ్‌ను చుట్లు చుట్లుగా తిప్పుతారు. స్పోర్ట్స్ కారుకు అంత అక్కర్లేదు. ఎందుకు?

మామూలు కారులో స్టీరింగ్‌ను సుమారు 16 డిగ్రీలు తిప్పితే ముందు చక్రం ఒక్క డిగ్రీ తిరుగుతుంది. అంటే చక్రం 30 డిగ్రీలు తిరగాలంటే స్టీరింగ్ 480 డిగ్రీలు, ఒక చుట్టు దాటి, తిరగాలి. స్పోర్ట్స్ కారులో ఆ 16 కాస్తా 12కు దగ్గరగా ఉండొచ్చు. అప్పుడు ఒక్క చుట్టు చాలు. అయితే చేతికి బరువు పెరుగుతుంది. అందుకే బరువైన బస్సుకు పెద్ద స్టీరింగ్, ఎక్కువ చుట్లు.

ఇంకో సంగతి టైరుది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది ఇదే. స్టీరింగ్ తిప్పగానే కారు తిరగదు. ముందు టైరు రబ్బరు కొద్దిగా మెలిపడాలి. కారును పక్కకు తోసే బలం అప్పుడే పుడుతుంది. స్పోర్ట్స్ కారు టైరు పక్కభాగం పొట్టిగా, గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం తక్కువ.

మరి చేతులు? గడియారంలో 9, 3 అంకెలుండే చోట పట్టుకోవాలి. చిన్న వంపులో పట్టు మార్చకపోతే చక్రాలు ఎటున్నాయో చేతులకే తెలుస్తుంది. హెయిర్‌పిన్‌లో ఒక చేయి కిందికి లాగాలి, రెండోది పైకి తోయాలి. ఎందుకంటే చేతులు ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అవే ముఖానికి తగలొచ్చు. మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి వస్తుంది. అప్పుడూ చేతులు వదలకుండా దాన్ని మెల్లగా రానివ్వాలి.