టీబీ-303 జీవితచరిత్రము

విద్యుత్ సంగీతముతో నడచు నృత్యశాలలలో ఏటేట ఏదో యొక క్రొత్త శాఖ పుట్టినదని వినుచుందుము. దానికొక పేరు, దానికొక నడక, దాని పాటలను విడదీసి మరల కూర్చి వెలువరించెడి రీమిక్సులు, వానిని అందరికంటె ముందు వెదకి పట్టుకొనుటయే వ్యసనముగాగల యువకులు, ఇవి యన్నియు ఒక్క పెట్టున బయలుదేరును. వీనిలో పెక్కింటికి పుట్టుక ఎక్కడనో, పుట్టించినదెవరో చెప్పుట దుర్ఘటము. యాసిడ్ హౌస్ అను శాఖకు మాత్రము ఇది ఊరు, ఇది యంత్రము అని వ్రేలితో చూపవచ్చును. ఆ యంత్రము రోలాండ్ టీబీ-303. బాసు గిటారు వాయించు తోడు దొరకని ఒంటరి గిటారు వాద్యకారునికి సాయపడుటకై జపానులో నిర్మింపబడి, ఆ పనికి కొరగాక, కొలది యేండ్లకే నిర్మాణము నిలిచిపోయి, పాతసామానుల అంగళ్లకు చేరిన పిమ్మట, చేసినవారెన్నడును ఊహింపని కొలువులో అది కుదురుకొన్నది. క్రొత్త నాదమును పుట్టించువాడొకడు, అది క్రొత్తదని చెవిపెట్టి గుర్తించువాడు వేరొకడు. ఈ రెండవవాని పని మొదటివాని పనికంటె సులభమని ఈ చరిత్ర చదివిన తరువాత నేననుకొనజాలను.

రోలాండ్ సంస్థను ఇకుతారో కకెహాషి 1972లో ఒసాకా నగరమున స్థాపించెను. ఈయన సంగీతవిద్య నభ్యసించినవాడు కాడు. బాల్యముననే తల్లిదండ్రులను పోగొట్టుకొని, యుద్ధానంతరము పదునారేండ్ల ప్రాయమున గడియారములు బాగుచేయు దుకాణము పెట్టి, గడియారములనుండి రేడియోలకును, రేడియోలనుండి విద్యుత్ వాద్యములకును వచ్చెను. నడుమ క్షయ సోకి కొన్ని సంవత్సరములు ఆరోగ్యశాలలో గడపి, నాటికింకను ప్రయోగదశలోనున్న స్ట్రెప్టోమైసిన్ మందువలన బ్రతికి బయటపడెను. తాను విద్వాంసుడు కానందువలననే కాబోలు, వాద్యమును కొనువాడు విద్వాంసుడై యుండ నక్కరలేదను తలంపు ఆయన సంస్థ చేసిన యంత్రములలో తరచుగా పొడసూపుచుండును. డ్రమ్ములు వాయించువాడు లేనిచోట డ్రమ్ములు మ్రోగించు టీఆర్-808 యంత్రము 1980లో వెలువడెను. బాసువాడు లేనిచోట బాసు మ్రోగించు యంత్రము మాత్రమేల రాగూడదు? తదావో కికుమోతో అను ఇంజనీరు దానిని రూపొందింపగా 1981లో టీబీ-303 సిద్ధమయ్యెను. దానికి జోడుగా టీఆర్-606 అను చిన్న డ్రమ్ యంత్రమును అదే తీరు పెట్టెలో అమ్మిరి. అమెరికాలో టీబీ-303 వెల 395 డాలర్లు.

చూపునకు అది వెండిరంగు ప్లాస్టిక్ పెట్టె, ఒడిలో పెట్టుకొనదగినంత చిన్నది, బ్యాటరీలతోను నడచును. క్రింది భాగమున ఒక స్థాయికి సరిపడు 13 మెట్లు బొత్తాముల రూపమున నుండును. పై వరుసలో ఆరు చిన్న నాబులు. వీనిలో మొదటిది శ్రుతి సవరించునది. మిగిలిన అయిదును నాదపు రంగును మార్చునవి. ఈ కథకు నాయకులు ఆ యయిదే.

లోపల జరుగు వ్యవహారము కొంచెము నిదానముగా చూడదగినది. నాదమును పుట్టించు వలయము ఒక్కటే. అది రంపపు పంటి ఆకారముగల తరంగమునుగాని, చతురస్ర తరంగమునుగాని ఇచ్చును. రంపపు తరంగమున మూలస్వరముతోబాటు దాని అనుస్వరము లన్నియు నుండును. చతురస్ర తరంగమున బేసి సంఖ్యగలవి మాత్రమే యుండును. కావున మొదటిది గరగరలాడును, రెండవది బోలుగా వినబడును. ఈ ముడినాదము డయోడులతో నిచ్చెనవలె కూర్చిన ఒక వడపోత గుండ పోవలెను. ఒక నాబు, ఎంత పౌనఃపున్యమునకు పైనున్న అనుస్వరములను వడపోత ఆపివేయవలెనో నిర్ణయించును. రెండవది అనునాదమును పెంచునది: కోతపడు సరిహద్దు చెంతనున్న అనుస్వరములు మాత్రము ఉబ్బి, మిగిలినవాని నడుమనుండి పొడుచుకొని వచ్చును. కొన్ని సింథసైజర్లలో ఈ అనునాదమును తుదివరకు పెంచినచో వడపోతయే తనంతట తాను ఈల వేయ నారంభించును. 303 మాత్రము ఆ ఈలకు కొంచెము ఇవతలనే నిలిచి, కీచుమనియు మనకుండ, సకిలించుచు గొణుగుచు నుండును. ప్రతి స్వరము మొదలైనప్పుడు సరిహద్దు ఎంత ఎత్తునకు ఎగయవలెనో మూడవ నాబు, ఎంతసేపటిలో దిగిపోవలెనో నాలుగవ నాబు చెప్పును.

అయిదవది ఒత్తు, అనగా యాక్సెంట్. ఒత్తు పెట్టిన స్వరము బిగ్గరగా మ్రోగును, అంతటితో నాగదు. ఆ ఒత్తుకు సంబంధించిన వలయమున ఒక కెపాసిటర్ కలదు. ఒత్తు పడిన ప్రతిసారియు అది కొంత విద్యుత్తును నింపుకొని, మెల్లగా ఖాళీ యగును. ఒత్తులు వెంటవెంటనే వచ్చినచో పాతది ఖాళీ కాకమునుపే క్రొత్తది చేరి, వడపోత సరిహద్దు ఒక్కొక్క స్వరమునకును మరికొంత పైకి పోవును. అందుచేత ఒకే స్వరమును నాలుగుసార్లు ఒత్తి వాయింపుమని యంత్రమునకు చెప్పినచో, నాలుగును ఒకేతీరున వినబడవు. నాలుగవది మొదటిదానికంటె కోపముగా నుండును. గణితముగా చూచిన ఇది చిన్న సంగతియే. వినువానికి మాత్రము యంత్రము లోపల ఎవడో యున్నాడనిపించును.

ఇక జారు. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు తెగకుండ జారుమని చెప్పినప్పుడు, దూరము ఒక మెట్టైనను, ఒక స్థాయియైనను 303 దాదాపు ఒకే వ్యవధిలో చేరుకొనును. దూరము చిన్నదైనచో సుతారముగాను, పెద్దదైనచో విసురుగాను జారును. మన వైణికుడు జారు వేయునపుడు రాగమునుబట్టి, భావమునుబట్టి కాలమును మార్చుకొనును. ఈ పెట్టెకు అట్టి విచక్షణ లేదు. ఆ లేమియే దాని బాణీ యయ్యెను.

ఇంతయు చదివినవారికి తట్టవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఇందులో బాసు గిటారు ఎక్కడ? ఎక్కడను లేదు. తీగను మీటిన ధ్వనికిని ఈ ధ్వనికిని పోలిక పుట్టింపబోయి కికుమోతో బృందము వేరొక జాతి జంతువును పుట్టించినది. పైగా దానిచేత వాయింపించుట సామాన్యమైన పని కాదు. 16 స్థానములుగల ఆవర్తనమునకు స్వరములను మొదట ఒక వరుసగా నెక్కింపవలెను. తరువాత వేరొక పద్ధతిలోనికి మారి, ఏ స్థానమున స్వరము మొదలగునో, ఎక్కడ సాగునో, ఎక్కడ విశ్రాంతియో కాలప్రమాణమును విడిగా నెక్కింపవలెను. స్వరము, లయ రెండును కలిసి మనసులో మెదలెడి వాద్యకారునికి, వానిని విడదీసి రెండు పద్దులుగా వ్రాయుమనుట శిక్షయే. లెక్కలో ఒక్క స్థానము తప్పెనా, పాట యంతయు ఒక అడుగు ప్రక్కకు జరిగి వేరొక పాట యగును. బ్యాటరీలు తీసి కొంతసేపుంచినచో జ్ఞాపకమున నెక్కించినది చెదరి, ఎవరును వ్రాయని స్వరవరుసలు అందులో ప్రత్యక్షమగుచుండెను. గిటారు వాద్యకారులు విసిగిరి. సుమారు 10,000 పెట్టెలు తయారైన పిమ్మట 1984లో రోలాండ్ దాని నిర్మాణమును మానివేసెను. స్కాట్లండునకు చెందిన ఆరంజ్ జ్యూస్ అను బృందము 1983లో ఒక జనాదరణ పొందిన పాటలో దానిని వాడినమాట నిజమే; అది ఆ యంత్రము గతిని మార్చలేదు.

యాసిడ్ హౌస్ పుట్టిన ఊరగు చికాగోకు పోకమునుపు ఒకసారి బొంబాయిలో ఆగవలసియున్నది. హిందీ చలనచిత్రముల వాద్యబృందములలో గిటారును, సింథసైజరును వాయించిన చరణ్‌జిత్ సింగ్ అను నాతడు 1982లో టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 అను మూడు రోలాండ్ యంత్రములను ఒకచోట చేర్చి, పది హిందూస్థానీ రాగములను డిస్కో దరువుపై వాయించి ఒక రికార్డు చేసెను. అందులో భూపాలి కలదు, మాల్కౌంస్ కలదు; మనవారికి మోహన, హిందోళములుగా చిరపరిచితములైన స్వరస్వరూపములే ఇవి. రాగమును జూపిటర్ పాడుచుండ, 808 లయ నడుపుచుండ, అడుగున 303 ఆగక వలయములు చుట్టుచుండును. ఏ సందర్భమును చెప్పక ఈనాటి శ్రోతకు వినిపించినచో, అయిదారేండ్ల తరువాత పుట్టిన యాసిడ్ హౌస్ అనియే అతడు పొరబడును. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు బహు స్వల్పము. 2010లో ఐరోపాలో దానిని మరల వెలువరించినప్పుడు, ఈ శాఖ పుట్టినది చికాగోలో కాదు, బొంబాయిలోనేయని కొందరు ఉత్సాహపడి వ్రాసిరి. స్వదేశాభిమానము నాకును కలదు గాని, ఈ మాటను ఒప్పుకొనజాలను. చికాగో యువకులు ఆ రికార్డును వినిరనుటకు ఆధారము లేదు. ఆ రికార్డును విని నృత్యము చేసి, ఇట్టిదింకొకటి కావలెనని అడిగిన గుంపు బొంబాయిలో లేకపోయెను. సింగునకు కొరవడినది ప్రతిభ కాదు, అట్టి గుంపు.

చికాగోలో ఆ గుంపు అప్పటికే సిద్ధముగా నుండెను. 1979 జూలై 12వ తేదీన ఆ నగరపు బేస్‌బాల్ మైదానములో డిస్కో రికార్డులను గుట్టగా పోసి పేల్చివేసి, డిస్కో చచ్చినదని వేడుక చేసికొన్నవారు కలరు. ఐనను ఫ్రాంకీ నకల్స్ వంటి డీజేలు, ప్రధానముగా నల్లజాతివారును స్వలింగప్రియులును చేరు నృత్యశాలలలో, ఆ సంగీతమునే డ్రమ్ యంత్రములతో బలపరచి హౌస్ అను క్రొత్త రూపమున నిలుపుకొనిరి. మ్యూజిక్ బాక్స్ అను శాలలో రాన్ హార్డీ డీజే. పెద్ద పెద్ద స్పీకర్ల నడుమ తెల్లవారువరకు వాయించుటయు, రికార్డు కంపెనీల ముఖము చూడని పాటలను ఇంటిలో చేసి తెచ్చిన టేపులనుండియే వినిపించుటయు ఆయనకు వాడుక. క్రొత్తది వెదకువారు అక్కడికే పోవుచుండిరి.

ఆ యూరి యువకులు ముగ్గురు, పియేర్, స్పాంకీ, హర్బ్ జె అనువారు, ఫ్యూచర్ అను పేరుతో ఒక బృందముగా కూడిరి. స్పాంకీ ఒక పాత 303ను చవుకగా కొనెను. దానిని నడుపు విధానము తెలియదు; చెప్పువారును లేరు. యంత్రము ఒక స్వరవరుసను తిరిగి తిరిగి వాయించుచుండగా పియేర్ దాని నాబులను పట్టుకొని త్రిప్పసాగెను. రోలాండ్ వారి లెక్కలో ఆ నాబులు వాయింపక ముందు ఒక్కసారి సవరించి విడువవలసినవి. పియేర్ చేతిలో అవియే వాద్యమయ్యెను. స్వరవరుస మారదు, వడపోత సరిహద్దు లేచుచు పడుచు, అనునాదము చిక్కబడుచు పలుచబడుచు, ఒకే వరుస నిముషమునకొక రూపము దాల్చును. అంతవరకు రాగమో, పల్లవియో మోయు భారమును ఇక్కడ నాదపు రంగు మోసినది. పదకొండు నిముషములకు పైబడిన పాటలో పాడువాడు లేడు, పల్లవి లేదు, స్వరసంగతులు మారుటయు లేదు.

ఆ టేపును వారు హార్డీకిచ్చిరి. పియేర్ పలుమార్లు చెప్పిన కథ ప్రకారము, హార్డీ దానిని మొదటిసారి వినిపించినప్పుడు నాట్యస్థలము ఖాళీ యయ్యెను. ఆయన మానలేదు, ఆ రాత్రియే మరల వినిపించెను, మరల వినిపించెను. నాలుగవసారికి జనము ఉన్మత్తులై గంతులిడిరట. కథ చెప్పగా చెప్పగా కొంత నునుపు దేలియుండును. ఐనను జనము లేచిపోయిన పాటను అదే రాత్రి మూడుసార్లు తిరిగి వేయుటకు ఎట్టి గుండె కావలెనో ఊహించుకొనవచ్చును. పాటలను ఎంచి వినిపించెడి నేటి యంత్రగణితము శ్రోత దాటవేసిన పాటను రెండవసారి చూపుటకే వెనుదీయును. హార్డీ వినిపించుచుండగా శ్రోతలు రహస్యముగా టేపులలోనికి పట్టుకొనిరి. పేరులేని ఆ పాటకు యాసిడ్ ట్రాక్స్ అను పేరును వారే పెట్టిరి. మార్షల్ జెఫర్సన్ నిర్వహణలో, నిమిషమునకు 120 దెబ్బల చొప్పున వేగము తగ్గించి, ట్రాక్స్ సంస్థ దానిని 1987లో రికార్డుగా వెలువరించెను. అప్పటికే అది ఊరంతటికిని తెలిసిన పాట.

తరువాతి కథ వేగముగా నడచినది. 1987 చివర లండనులో డానీ రాంప్లింగ్ షూమ్ అను చిన్న శాల తెరచెను. మరుసటి యేటి వేసవికి ఈ సంగీతమునకు చిహ్నమైన పసుపుపచ్చని నవ్వుముఖపు గుర్తు ఇంగ్లండు అంతట కనబడెను. పత్రికలు మాదకద్రవ్యముల భయమును అచ్చువేసెను, అందు కొంత నిజమును లేకపోలేదు. 1994లో బ్రిటిష్ పార్లమెంటు, ఆరుబయట జరుగు నృత్యసభలను అదుపుచేయు చట్టమున, పునరావృతమగు దరువులు ప్రధానముగాగల ధ్వనులను నిర్వచింప బూనుకొనెను. సంగీతశాస్త్రజ్ఞులు శతాబ్దములుగా తప్పించుకొన్న పనిని శాసనకర్తలు ఒక వాక్యములో ముగించిరి! జర్మనీలో హార్డ్‌ఫ్లోర్ ద్వయము 1992లో పలు 303లను ఒకదానిపైనొకటి పేర్చి తొమ్మిది నిముషముల పాట చేసెను; గోవా సముద్రతీరమున పెరిగిన ట్రాన్స్ శాఖలో దాని మెలికల ధ్వని దట్టముగా వినబడును.

ఇట్లు గిరాకి పెరిగినను పెట్టెలు పెరుగలేదు. చవుకగా పోయిన యంత్రము వేల డాలర్లు పలికెను. ఆస్ట్రేలియాలో రాబిన్ విటిల్ అను ఇంజనీరు పాత పెట్టెలను విప్పి, ఒత్తును, జారును, వడపోతను అదుపుచేయు క్రొత్త నాబులు చేర్చి ఇచ్చుటను వృత్తిగా చేసికొనెను. స్వీడనులోని ప్రొపెలర్‌హెడ్ సంస్థ 1997 ప్రాంతమున రీబర్త్ అను కంప్యూటర్ ప్రోగ్రాములో రెండు 303లను అనుకరించి చూపెను. నకలు తీయబోయిన ఇంజనీర్లకు నాదమును పుట్టించు వలయము పెద్ద చిక్కు కాలేదు. డయోడుల నిచ్చెన, ఖాళీ కాకమునుపే నిండు ఆ కెపాసిటర్, దూరము నెరుగని జారు, ఇవియే వారిని తిప్పలు పెట్టినవి. పైగా అసలు పెట్టెలు రెండు ఒకేతీరున మ్రోగవు. విడిభాగములలోని స్వల్పభేదములు, యేండ్లు గడచినకొలది వచ్చిన మార్పులు ప్రతిదానికిని ఒక గొంతునిచ్చినవి. దేనికి నకలు తీయవలెనన్న తగవు నేటికిని తెగలేదు.

రోలాండ్ తానే 2014లో టీబీ-3 అను పేరను, 2016లో టీబీ-03 అను పేరను దానిని అంకెల సాంకేతికముతో మరల చేసెను. 2019లో బెరింగర్ అను జర్మను సంస్థ పాత వలయముల పద్ధతిలోనే ఒక నకలును అసలుదాని తొలివెలలో సగముకంటె తక్కువకు అమ్మకమునకు పెట్టెను. దానిపైనను అవే నాబులు, అదే వరుస; స్వరములను ఒకసారి, కాలమును వేరొకసారి ఎక్కించు ఆ విసుగు పద్ధతి అక్కరలేకుండ కంప్యూటరుతోనే వరుసలు వ్రాసి పంపవచ్చును. ఐనను దానిని కొన్నవారు పలువురు ఏదో యొక వరుసను ఆడనిచ్చి, రెండు చేతులతో నాబులను త్రిప్పుచునే కూర్చుందురు.