గృహస్థాయి బీరు తయారీలో ద్వితీయ కిణ్వనం: ఎప్పుడు అవసరం, ఎప్పుడు అనవసరం?

అమెరికాలో ఇంటి వాడకానికి పన్ను లేకుండా బీరు తయారుచేసుకునే వీలును 1978లో ఆమోదం పొందిన సమాఖ్య చట్టం కల్పించింది. ఒక వయోజనుడు మాత్రమే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, అనగా సుమారు 378 లీటర్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పరిమితి. ఆ తరువాత వెలువడిన కరదీపికలలో అనేకం, కిణ్వనం ముగియవచ్చిన బీరును మడ్డి నుండి వేరుచేసి రెండవ పాత్రలోనికి మార్చాలని సూచించాయి. దీనినే ద్వితీయ కిణ్వనమన్నారు. నిజానికి ఈ దశలో చాలావరకు జరిగేది కిణ్వనం కాదు. బీరు తేరుకొని పరిపక్వమవడమే.

సిఫారసుకు మూలం

మృత ఈస్ట్ కణాలు తమ ఎంజైముల చర్య వలన తామే విచ్ఛిన్నమవుతాయి. దీనిని స్వయంవిచ్ఛిత్తి అంటారు. దీని వలన బీరుకు మాంసపు రసం లేదా రబ్బరును తలపించే వాసన వస్తుంది. కర్మాగారాలలోని ఎత్తైన తొట్లలో అడుగున పేరుకొన్న ఈస్ట్‌పై ద్రవపీడనం అధికంగా ఉంటుంది. దట్టమైన ఆ పొరలో వేడి కూడా నిలిచిపోతుంది. కావున అక్కడ ఈస్ట్‌ను సకాలంలో తొలగించడం తప్పనిసరి. ఇంటిలో తయారయ్యే సుమారు 19 లీటర్ల బీరు లోతు అడుగున్నరకు మించదు. ఆరోగ్యవంతమైన ఈస్ట్ వాడి, 18-20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన ఏల్ రకపు బీరు మూడు నాలుగు వారాలు మడ్డిపై ఉన్నా సాధారణంగా చెడదు.

మార్పిడి వలన నష్టాలు

మార్చేటప్పుడు కరిగే ఆక్సిజన్ వలన బీరుకు తడిసిన అట్ట వంటి రుచి వస్తుంది. గొట్టాలు, పాత్రల ద్వారా లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా చేరే అవకాశం పెరుగుతుంది. పైగా కిణ్వన సమయంలో ఏర్పడే, వెన్న వాసనగల డైఎసిటైల్‌ను, పచ్చి ఆపిల్ వాసనగల ఎసిటాల్డిహైడ్‌ను చివరి రోజులలో తగ్గించేది ఈస్టే. తొందరపడి ఈస్ట్ నుండి వేరుచేస్తే ఆ వాసనలు బీరులో మిగిలిపోవచ్చు. తొలుత ఈ మార్పిడిని సూచించిన గ్రంథకర్త జాన్ పామర్ సైతం, సాధారణ ఏల్ బీర్లకు ఇది అనవసరమని తరువాత తన అభిప్రాయాన్ని సవరించుకున్నారు.

మార్పిడి ఉపకరించే సందర్భాలు

• పండ్లు చేర్చినప్పుడు. వాటి చక్కెరలు తిరిగి పులియడం వలన ఇది నిజమైన ద్వితీయ కిణ్వనమే.
• ఘాటైన బీర్లను నెలల తరబడి, లేదా కొయ్య పీపాలలో పరిపక్వం చేయదలచినప్పుడు.
• అడుగున ఉన్న ఈస్ట్‌ను మరొక విడత తయారీకి వెంటనే వాడదలచినప్పుడు.

ఈ సందర్భాలలో రెండవ పాత్రను ముందుగా కార్బన్ డయాక్సైడ్‌తో నింపాలి. సైఫన్ గొట్టం కొనను పాత్ర అడుగున ఉంచి, బీరు చిమ్మకుండా, పైన ఖాళీ అవసరానికి మించి మిగలకుండా నింపాలి.

నిర్ణయించే విధానం

రోజుల లెక్కను గాని, బుడగలు ఆగడాన్ని గాని ప్రమాణంగా తీసుకొనరాదు. హైడ్రోమీటరుతో విశిష్ట సాంద్రతను కొలవాలి. ఉదాహరణకు 1.050 వద్ద మొదలైన బీరు 1.012కు దిగి, మూడు రోజులు మారకుండా ఉంటే కిణ్వనం ముగిసినట్లే. అప్పటికి ఆల్కహాలు పరిమాణంలో సుమారు 5 శాతం ఉంటుంది. వెన్న వాసన లేదని నిర్ధారించుకొని, అదే పాత్రను 0-4 డిగ్రీల వద్ద రెండు మూడు రోజులు ఉంచితే బీరు తేటపడుతుంది. చక్కెర మిగిలి ఉండగా సీసాలలో నింపితే అవి పగిలే ప్రమాదం ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనుమతి లేకుండా మద్యం తయారీ నేరం కావున, ఇక్కడి విద్యార్థులకు ఈ అంశం అధ్యయనానికే పరిమితం. అయితే విస్తరణ శాస్త్రవేత్తలు ఇందులో గమనించదగిన సూత్రమొకటి ఉంది. పెద్ద స్థాయిలో సరైన సిఫారసును చిన్న స్థాయికి అందించే ముందు, దానికి మూలమైన కారణం అక్కడ కూడా వర్తిస్తుందో లేదో పరీక్షించాలి. కారణం వర్తించని చోట ఆ పని వృథా శ్రమగా మిగలడమే కాక, కొత్త నష్టానికి దారితీస్తుంది.