పాత మేడలో కొత్త వాటా

రాజమహేంద్రవరం: ఇన్నీసుపేటలో ఒక సందు మలుపున అరుగుల మేడ ఉంది. వీధి గుమ్మానికి అట్టముక్క వేలాడుతోంది. ‘మేడమీది వాటా అద్దెకు ఇవ్వబడును. గోడలకు మేకులు కొట్టరాదు.’ ఇల్లు చూసుకోవడానికి వచ్చినవారు రెండో మాట చదివి నవ్వుకుంటారు. ఇంటి యజమాని, రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం నవ్వరు. ఒక్క మేకు దింపితే డంగు సున్నం పూత అరచేతి మేర పెచ్చుగా ఊడిపడుతుందని ఆయనకు అనుభవం.

మేడ ఆయన తాతగారు కట్టించింది. గోదావరి జిల్లాలవారు రంగూను వెళ్లి సంపాదించుకొచ్చిన రోజులవి. బర్మా టేకు ఓడల మీద కాకినాడ రేవులో దిగేది. ఆ టేకు దూలాలే నేటికీ మేడను మోస్తున్నాయి. దూలాల మీద దంతెలు పరచి, వాటిపై పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చేవారు. పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి పోసి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్క బడితెలతో కొట్టేవారు. మద్రాసు టెర్రస్ అంటే ఇదే. గోడలు మూరెడు మందం. మే నెల మధ్యాహ్నం వీధిలోంచి లోపలికి అడుగు పెడితే చాలు, తేడా ఒంటికి తెలుస్తుంది.

సిమెంటు చేసిన చేటు

వాటా అద్దెకివ్వడానికి మాస్టారు మొదట చేయించిన మరమ్మతు వికటించింది. కాంట్రాక్టరు పాత పూత గీకేసి, సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, ఆయిల్ పెయింటు వేశాడు. ఇల్లు అద్దంలా మెరిసింది. బ్యాంకు ఉద్యోగి కుటుంబం సంతోషంగా దిగింది. శ్రావణం వచ్చేసరికి గోడలు పొక్కులెక్కాయి. కప్పు అంచున దిగిన వాన నీరు, కింది నుంచి పాకిన నెమ్ము సిమెంటు చాటున చిక్కుకుపోయాయి. సున్నపు గోడ చెమ్మ పీల్చినా గాలికి ఆరిపోతుంది. సిమెంటు, రంగు కలిసి ఆ దారి మూసేశాయి.

అంతకంటే పెద్ద పొరపాటు స్నానాల గది. పడక గదిలోనే ఒక మూల గోడ లేపి, టైల్స్ వేసి కట్టారు. కారిన నీరు గోడలో ఉన్న దూలం కొనను తడిపింది. టేకు ఎంత గట్టిదైనా గాలి తగలక, తడి ఆరక నానితే కుళ్లక మానదు. ‘‘మాస్టారూ, పిల్లవాడికి దగ్గు తగ్గడం లేదండి’’ అని చెప్పి ఆ కుటుంబం ఖాళీ చేసింది. ఆయన అడ్వాన్సు పైసా కోత లేకుండా తిరిగి ఇచ్చేశారు.

ఆ తర్వాత వాటా ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. అసలు చిక్కు అప్పుడు వచ్చింది. ఆస్తి ముగ్గురు అన్నదమ్ములది. అద్దె రాకపోతే ఇంటి పన్ను ఎవరు కట్టాలి, కప్పు ఎవరు బాగుచేయాలి? మిగతా ఇద్దరు బిల్డరును వెంటబెట్టుకు వచ్చారు. కందుకూరి వీరేశలింగం గారు 1848లో పుట్టిన ఇల్లు ఇదే ఊళ్లో ప్రభుత్వ రక్షణలో ఉంది. పేరు లేని మేడలను అద్దెలే కాపాడాలి.

మాస్టారు ఒక ఏడాది గడువు అడిగి, మళ్లీ పని మొదలుపెట్టారు. సిమెంటు ఊడగొట్టించి సున్నం పూయించారు. కుళ్లిన దూలం కొన కోయించి కొత్త టేకు అతికించారు. స్నానాల గదిని పెరటివైపు, మేడకు భారం లేకుండా విడి స్తంభాల మీద కట్టించారు. చెక్క పట్టీల నాటి వైరింగు తీసేసి, ఎర్తింగుతో కొత్తది వేయించారు. గోడకు మెరుపు లేదు. వాసనా లేదు.

అద్దెకు దిగేవారికి

ఇటువంటి వాటా చూడబోయేవారు రంగు చూసి మోసపోరాదు. వానాకాలంలో చూడటం మేలు. గోడ అడుగున చేయి పెట్టి చూడండి. దూలం గోడలోకి వెళ్లే చోట మరక ఉందేమో, చెద మట్టి ఉందేమో గమనించండి. ఏసీ పెట్టుకోదలిస్తే వైరింగు తట్టుకుంటుందో లేదో ముందే అడగండి.

మరమ్మతు ఎవరిదో కాగితం మీద రాసుకోవాలి. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన వ్యవధిలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతోంది. యజమాని సమ్మతి లేకుండా శాశ్వత కట్టడం చేయరాదనీ అదే సెక్షను అంటుంది. ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషను తప్పనిసరి కనుకనే 11 నెలల అగ్రిమెంట్లు వాడుకలోకి వచ్చాయి. సున్నపు పూత ఖర్చు లెక్కలోకి తీసుకుంటే మాస్టారు అడిగే అద్దె ఎక్కువేమీ కాదు. రంగు మాత్రమే కొట్టించి అంతే అడిగేవారి సంగతి వేరు.

మేడ మెట్ల కింద ఇంకా నాలుగు బస్తాల సున్నం ఉంది. తొలకరికి ముందే కింది వాటా గోడలు పూయాలి. డంగు సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఒక్కరే దొరికారు. ఆయన కొడుకులిద్దరూ టైల్స్ పనికి వెళుతున్నారు. మాస్టారింట్లో మాత్రం పక్కింటి కుర్రవాడొకడు రోజూ సాయంత్రం వచ్చి, తాపీ పట్టుకుని ఆయన పక్కన నిలబడుతున్నాడు.