ప్రేరిత విద్యుత్తు ఏ దిశలో ప్రవహిస్తుంది?

డైనమో దీపం గల సైకిలు తొక్కినవారికి ఒక అనుభవం తెలిసే ఉంటుంది. డైనమోను టైరుకు ఆనించి దీపం వెలిగించగానే పెడలు బరువెక్కుతుంది. ఇందుకు రాపిడి కొంత కారణమే కాని, అంతా రాపిడి కాదు. దీపానికి కావలసిన శక్తి మన కాళ్ళనుండే పోతున్నది. ప్రేరిత విద్యుత్ ప్రవాహ దిశను నిర్ణయించే సూత్రం ఈ బరువులోనే ఇమిడి ఉన్నది.

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు వైపులా రెండు తీగచుట్టలు చుట్టి, మొదటిదానిని బ్యాటరీకి కలిపాడు. కలిపిన క్షణంలో రెండవ చుట్ట తీగ దగ్గర ఉంచిన అయస్కాంత సూచి కదిలి, మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. బ్యాటరీని తొలగించినప్పుడు వ్యతిరేక దిశలో కదిలింది. ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపు సూచిలో చలనం లేదు. అదే సంవత్సరం అక్టోబరులో అయస్కాంతాన్ని తీగచుట్టలోనికి చొప్పించి, వెలుపలికి లాగి కూడా ఆయన విద్యుత్తును పుట్టించాడు. అనగా విద్యుత్తును ప్రేరేపించేది అయస్కాంతం ఉనికి కాదు. చుట్టగుండా పోయే అయస్కాంత అభివాహంలో కలిగే మార్పు.

దిశను తెలిపే నియమాన్ని 1834లో లెంజ్ ప్రకటించాడు. ప్రేరిత విద్యుత్తు తన పుట్టుకకు కారణమైన మార్పునే ఎదిరిస్తుందని దాని సారాంశం.

ఒక ఉదాహరణ చూద్దాం. అయస్కాంతపు ఉత్తర ధ్రువాన్ని తీగచుట్ట వైపునకు తెస్తున్నామనుకొందాం. ఆ రాకను అడ్డుకొనుటకు చుట్ట యొక్క ఎదుటి ముఖం ఉత్తర ధ్రువంగా మారాలి. కుడిచేతి బొటనవ్రేలిని అయస్కాంతం వైపునకు చాచి, మిగిలిన వ్రేళ్ళను ముడిస్తే, ఆ వ్రేళ్ళు తిరిగిన వైపే ప్రవాహ దిశ. అయస్కాంతం వైపునుండి చూచినప్పుడు అది అపసవ్య దిశ. అయస్కాంతాన్ని వెనుకకు లాగితే, పోనీయకుండా ఆకర్షించుటకు అదే ముఖం దక్షిణ ధ్రువమవుతుంది. ప్రవాహం సవ్య దిశకు మారుతుంది. కదలిక ఆగితే ప్రవాహమూ ఆగుతుంది.

ఎదిరించడానికి బదులు సహకరిస్తే ఏమవుతుంది? ఒకసారి కొద్దిగా నెట్టిన అయస్కాంతం తనంత తానే వేగం పుంజుకొంటూ, ఖర్చు లేకుండా విద్యుత్తునిస్తూ పోవాలి. శక్తి నిత్యత్వ నియమం అందుకు అంగీకరించదు.

క్షేత్రంలో నిటారు తీగ కదిలే సందర్భంలో ఫ్లెమింగ్ కుడిచేతి నియమం సులువు. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు పరస్పరం లంబంగా చాచాలి. బొటనవ్రేలు చలనాన్ని, చూపుడువ్రేలు క్షేత్రాన్ని సూచిస్తే, నడిమివ్రేలు ప్రవాహాన్ని చూపుతుంది. ఎడమచేతి నియమం మోటారుకు సంబంధించినది. పదవ తరగతి విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. ఏ చేయి వాడాలో సందేహం కలిగితే, వచ్చిన సమాధానం చలనాన్ని ఎదిరిస్తున్నదో లేదో పరీక్షించుకొంటే చాలు.

కర్ణాటకలో కావేరిపై గల శివనసముద్ర విద్యుత్కేంద్రం 1902లో సుమారు 147 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు విద్యుత్తు పంపింది. గనుల యంత్రాలు ఎక్కువ విద్యుత్తు లాగినప్పుడు జనరేటరులో ప్రవాహం పెరుగుతుంది. దానితోపాటు చక్రాన్ని అడ్డగించే బలమూ పెరుగుతుంది. వేగం తగ్గకుండా ఉండాలంటే మరింత నీరు వదలాలి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. కాని సైకిలు తొక్కే కాలికైనా, కావేరి నీటికైనా లెంజ్ నియమం విధించే సుంకం ఒక్కటే: ఎదిరింపును అధిగమించనిదే విద్యుత్తు లభించదు.