మైక్రోకంట్రోలర్ల మధ్య సీరియల్ సమాచార ప్రసారము

రెండు మైక్రోకంట్రోలర్లు తమ మధ్య సమాచారమును ఒక బిట్టు తరువాత మరొక బిట్టుగా, ఒకే తీగ మీద వరుసగా పంపుకొనుటను సీరియల్ సమాచార ప్రసారము అంటారు. మైక్రోకంట్రోలరు అనగా ప్రాసెసరు, మెమరీ, బయటి పరికరములతో కలిపే కాళ్ళు అన్నీ ఒకే చిప్పులో ఇమిడియున్న చిన్న కంప్యూటరు. బట్టలుతికే యంత్రము, కరెంటు మీటరు, లిఫ్టు, మోటారు వాహనము వంటి వాటిలో ఇవి ఉంటాయి. ఒకే పరికరములో రెండు మూడు మైక్రోకంట్రోలర్లు ఉన్నపుడు అవి మాట్లాడుకొనక తప్పదు. తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణ ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రము. ఓటరు మీట నొక్కేది ఒక పెట్టె మీద, ఓటు నమోదయ్యేది మరొక పెట్టెలో.

సమాంతర ప్రసారము, వరుస ప్రసారము

ఒక బైటులో 8 బిట్లు ఉంటాయి. ఎనిమిదింటినీ ఎనిమిది తీగల మీద ఒకేసారి పంపితే అది సమాంతర ప్రసారము. ఇది సులువుగా తోచును గాని తీగలు ఎక్కువ, చిప్పు కాళ్ళు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. తీగ పొడవైన కొద్దీ ఎనిమిది బిట్లూ ఒకే క్షణమున చేరుట కూడా కష్టమవుతుంది. అందుచేత ఇరుకు సందులో మనుషులు ఒకరి వెనుక ఒకరు నడిచినట్లు బిట్లను వరుసగా పంపే పద్ధతి స్థిరపడినది. దీనికి కావలసిన తీగలు మూడే: పంపేది, అందుకొనేది, రెండు వైపులా ఉమ్మడిగా ఉండే గ్రౌండు తీగ.

ఒక అక్షరపు ప్రయాణము

ఎక్కువ మైక్రోకంట్రోలర్లలో ఈ పనికి యూఏఆర్‌టీ అనే భాగము ఉంటుంది. ఇది గడియారపు తీగ లేకుండా పనిచేస్తుంది. అనగా ప్రతి బిట్టు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసినదో చెప్పే ప్రత్యేక తీగ ఉండదు. వేగమును ఇరుపక్షములు ముందే ఒప్పుకొని ఉండవలెను.

ఊరక ఉన్నపుడు తీగ మీద 1 ఉంటుంది. పంపదలచిన వైపు దానిని ఒక బిట్టు కాలము 0కు దించుతుంది. ఇది ప్రారంభ బిట్టు. తరువాత 8 సమాచార బిట్లు, చిన్న స్థానపు బిట్టు ముందుగా వస్తాయి. చివర తీగ తిరిగి 1కి వచ్చి ఒక బిట్టు కాలము నిలుస్తుంది. ఇది ముగింపు బిట్టు. ఉదాహరణకు రోమను లిపిలోని పెద్ద 'ఎ' అక్షరపు సంకేతము 65. ద్విసంఖ్యామానములో అది 01000001. తీగ మీద మాత్రము అది 0, 1, 0, 0, 0, 0, 0, 1, 0, 1 అనే పది బిట్లుగా కనిపిస్తుంది. మొదటిది ప్రారంభ బిట్టు, చివరిది ముగింపు బిట్టు, నడుమ ఎనిమిదీ తలకిందులుగా వచ్చిన అక్షరము. ఓసిల్లోస్కోపులో మొదటిసారి చూసే విద్యార్థులు సాధారణముగా ఇక్కడే తడబడతారు.

వేగము సెకనుకు 9600 బిట్లు అనుకొంటే ఒక్కొక్క బిట్టు సుమారు 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది. పది బిట్లకు 1.04 మిల్లీసెకన్లు పడుతుంది, అనగా సెకనుకు గరిష్ఠముగా 960 బైట్లు పంపవచ్చును.

అందుకొనే వైపు తీగ 1 నుండి 0కు పడిన క్షణమును పట్టుకొని, సగము బిట్టు కాలము ఆగి, అది నిజముగా ప్రారంభ బిట్టేనా లేక క్షణికమైన అలజడియా అని చూస్తుంది. అక్కడి నుండి ఒక్కొక్క బిట్టు కాలము గడిచిన కొద్దీ తీగను చదువుతుంది. ఈ విధముగా ప్రతి బిట్టును దాని నడుమ భాగములో చదువుట జరుగుతుంది.

గడియారముల తేడా

ముగింపు బిట్టు నడుమకు చేరుటకు ప్రారంభము నుండి తొమ్మిదిన్నర బిట్ల కాలము పడుతుంది. అప్పటికి రెండు గడియారముల మధ్య తేడా సగము బిట్టును మించితే చదివినది తప్పు అవుతుంది. 0.5ను 9.5తో భాగించగా సుమారు 5.3 శాతము వచ్చును. ఇది సిద్ధాంతపు హద్దు మాత్రమే. ప్రారంభపు అంచును గుర్తించుటలోని స్వల్ప ఆలస్యమును, తీగ మీది అలజడిని కలుపుకొని ఒక్కొక్క వైపు 2 శాతము లోపు ఉంచుట మంచిది.

1980లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8051 మైక్రోకంట్రోలరుతో కూడిన బోర్డుల మీద తరచు 11.0592 మెగాహెర్ట్జుల స్ఫటికము కనిపించుటకు కారణము ఇదే. గుండ్రని సంఖ్యను వదలి ఈ వింత సంఖ్య ఎందుకని పిల్లలు అడుగుతారు. 8051లో సాధారణ అమరికలో స్ఫటికపు పౌనఃపున్యమును 384తోను, మరల ఒక పూర్ణసంఖ్యతోను భాగించగా ప్రసార వేగము వచ్చును. 11.0592 మెగాహెర్ట్జులను 384తోను, 3తోను భాగించితే సరిగా 9600 వస్తుంది. 12 మెగాహెర్ట్జులు పెట్టి అదే లెక్క చేస్తే 10,417 వస్తుంది. తేడా 8.5 శాతము. ప్రోగ్రాములో ఒక్క తప్పు లేకున్నను అవతలి వైపు చెత్త అక్షరములు వచ్చుటకు ఇది చాలును.

తీగలను కలుపుట

ఒక చిప్పు పంపే కాలును రెండవ చిప్పు అందుకొనే కాలుకు కలపవలెను. నోటిని చెవికి కలిపినట్లన్నమాట. పేర్లు ఒకటే గదా అని పంపే కాళ్ళు రెండింటినీ ఒకదానితో ఒకటి కలుపుట అతి సామాన్యమైన పొరపాటు. రెండు బోర్డులకు వేర్వేరు బ్యాటరీలు ఉన్నపుడు గ్రౌండు తీగను మరచిపోవుట రెండవది. వోల్టేజి అనగా రెండు బిందువుల మధ్య తేడా కనుక, ఉమ్మడి ఆధారము లేనిదే 0 ఏదో 1 ఏదో తెలియదు.

5 వోల్టుల చిప్పు నుండి 3.3 వోల్టుల చిప్పుకు నేరుగా కలిపితే రెండవది దెబ్బతినవచ్చును. 1 కిలోఓము, 2 కిలోఓముల నిరోధకములతో వోల్టేజిని విభజిస్తే 5 వోల్టులు 3.33కు దిగును.

బోర్డు మీద కొద్ది సెంటీమీటర్ల దూరమునకు ఈ ఏర్పాటు సరిపోతుంది. దూరము పెరిగితే ఆర్‌ఎస్-485 వంటి ప్రమాణము వాడతారు. ఇందులో ఒకే బిట్టును రెండు తీగల మధ్య వోల్టేజి తేడాగా పంపుతారు. దారిలో మోటారు వలనో ట్యూబులైటు వలనో కలిగే అలజడి రెండు తీగలకూ సమానముగా సోకును గనుక తేడా చెడదు. తక్కువ వేగములో సుమారు 1200 మీటర్ల వరకు ఇది పనిచేస్తుంది.

ఒకే బోర్డు మీది చిప్పుల మధ్య ఫిలిప్స్ సంస్థ 1982లో రూపొందించిన ఐ2సీ, మోటరోలా రూపొందించిన ఎస్‌పీఐ కూడా విరివిగా వాడబడుచున్నవి. ఈ రెండింటిలో గడియారమునకు వేరే తీగ ఉంటుంది కనుక పైన చెప్పిన వేగపు తేడా సమస్య రాదు.

బైట్ల నుండి వాక్యములకు

యూఏఆర్‌టీ చేర్చేది బైట్లను మాత్రమే. సందేశము ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో, మధ్యలో ఏమైనా జారిపోయినదో దానికి తెలియదు. తెలుగు లిపి విషయములో ఇది ముఖ్యము. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతము 3 బైట్లు తీసుకొంటుంది. ఒక బోర్డు మీద 'కొండాపూర్' అని చూపవలెనన్న, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు కలిపి 9 సంకేతములు, 27 బైట్లు అవుతాయి. 9600 వేగములో దీనికి 28 మిల్లీసెకన్లు పట్టును. నడుమ ఒక బైటు జారితే ఆ అక్షరము చెడుతుంది. బైట్లను లెక్కపెట్టి మూడేసి చొప్పున విడదీసే నాసిరకపు ప్రోగ్రామైతే అక్కడి నుండి చివరి వరకు అంతా చెడుతుంది.

అందువలన సందేశమునకు ముందు ఒక గుర్తు, తరువాత పొడవు, తరువాత సమాచారము, చివర పరీక్ష సంఖ్య పెట్టుట ఆచారము. ఒక్క పారిటీ బిట్టును నమ్ముకొనుట చాలదు. రెండు బిట్లు ఒకేసారి చెడితే పారిటీ మారదు, దోషము కనిపించదు. సీఆర్‌సీ అనే పరీక్ష సంఖ్య ఇంతకంటె ఎంతో నమ్మదగినది.

సందేశము సరిగా అందితే అందుకొన్నవారు 'అందినది' అని జవాబు పంపుతారు. జవాబు రాకపోతే పంపినవారు మరల పంపుతారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సందేశము సరిగానే చేరి, జవాబు మాత్రము దారిలో చెడినదనుకొందాము. పంపినవారు అదే సందేశమును రెండవసారి పంపుతారు. 'దీపము వెలిగించు' అనే సందేశము రెండుసార్లు అందినను నష్టము లేదు. 'లెక్కకు ఒకటి కలుపు' అనే సందేశము రెండుసార్లు అందితే లెక్క తప్పుతుంది. అందుకని ప్రతి సందేశమునకు ఒక వరుస సంఖ్య ఇస్తారు. అదే సంఖ్యతో మరల వచ్చినదానికి జవాబు పంపి ఊరకుందురు గాని లెక్కలో కలపరు.

చరిత్ర

ప్రారంభ బిట్టు, ముగింపు బిట్టు అనే ఆలోచన టెలిప్రింటర్ల కాలము నాటిది. వేగమునకు వాడే 'బాడ్' అనే ప్రమాణము ఫ్రెంచి టెలిగ్రాఫు ఇంజనీరు ఎమిల్ బోడో పేరు మీద వచ్చినది. 1960వ దశకములో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనులో గోర్డన్ బెల్ కంప్యూటరుకు టెలిప్రింటరును కలుపుటకు తొలి యూఏఆర్‌టీ వలయమును రూపొందించినాడు. 1971 ప్రాంతములో వెస్టర్న్ డిజిటల్ సంస్థ దానిని ఒకే చిప్పులో ఇమిడ్చినది.

హైదరాబాదులో

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించినప్పటి నుండి హైటెక్ సిటీ అనగానే సాఫ్టువేరే గుర్తుకు వస్తుంది. కాని హైదరాబాదులో చిప్పులను, వాటి లోపలి ప్రోగ్రాములను రూపొందించే పని కూడా జరుగుచున్నది. హైదరాబాదులో రూపకల్పన కేంద్రము కలిగిన రెడ్‌పైన్ సిగ్నల్స్ సంస్థ వైఫై మాడ్యూళ్ళు సీరియల్ ప్రసారమునకు మంచి ఉదాహరణ. ఆ మాడ్యూలులో తన స్వంత ప్రాసెసరు ఉంటుంది. దానిని వాడుకొనే పరికరములోని మైక్రోకంట్రోలరు యూఏఆర్‌టీ లేదా ఎస్‌పీఐ ద్వారా దానికి ఆదేశములు పంపుతుంది. 2020లో ఆ సంస్థ వైఫై విభాగమును అమెరికాకు చెందిన సిలికాన్ ల్యాబ్స్ కొనుగోలు చేసినది. నమూనా పరికరములను తయారు చేయదలచినవారి కొరకు రాయదుర్గములో టీ-వర్క్స్ 2023 మార్చి 2న ప్రారంభమైనది.

అయితే ఈ నగరపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ హైటెక్ సిటీ కంటె మూడు దశాబ్దములు పాతది. 1967లో ఎ.ఎస్. రావు నేతృత్వములో నగరపు రెండవ కొసన స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) 1979లో ఓటింగు యంత్రపు నమూనాను తయారు చేసినది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘము దానిని రాజకీయ పక్షముల ప్రతినిధులకు ప్రదర్శించినది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, ఈసీఐఎల్ ఈ రెండే ఈ యంత్రములను తయారు చేస్తున్నవి.

ఓటింగు యంత్రములో సంభాషణ

కంట్రోల్ యూనిట్ ఎన్నికల అధికారి వద్ద, బ్యాలెట్ యూనిట్ తెర వెనుక ఉంటాయి. వాటిని 5 మీటర్ల తీగ కలుపుతుంది. అధికారి 'బ్యాలెట్' మీట నొక్కితే అవతలి పెట్టె మీద పచ్చ దీపము వెలుగును, ఇవతల ఎర్ర దీపము వెలుగును. ఓటరు నీలి మీట నొక్కినపుడు అభ్యర్థి పేరు పక్కన ఎర్ర దీపము వెలిగి, కంట్రోల్ యూనిట్ శబ్దము చేస్తుంది. తరువాత అధికారి మరల అనుమతించే వరకు ఎన్ని మీటలు నొక్కినను ఫలితము లేదు. అనుమతి, ఎంపిక, నమోదు, మూసివేత అనే ఈ క్రమము పైన చెప్పిన 'ఒకే సందేశము రెండుసార్లు లెక్కకు రాకూడదు' అనే సూత్రమునకు చక్కని రూపము. ఈ వ్యాసములో వివరించిన యూఏఆర్‌టీ పద్ధతే ఆ తీగ మీద నడుచునని దీని అర్థము కాదు. తీరవలసిన సమస్యలు మాత్రము ఒకటే.

2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గము నుండి 185 మంది పోటీ చేసినారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కొరకు తమ గోడు వినిపించుటకు వారు ఎన్నుకొన్న మార్గము అది. ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలే ఉంటాయి. పాత ఎం-2 రకములో నాలుగు యూనిట్లను, అనగా 64 పేర్లను మాత్రమే కలుపగలరు. కొత్త ఎం-3 రకములో 24 వరకు కలుపవచ్చును. నోటాతో కలిపి 186 మీటలు కావలసినందున ఏప్రిల్ 11న ప్రతి పోలింగు కేంద్రములో 12 యూనిట్లను గొలుసుకట్టుగా అమర్చినారు.

అన్ని యూనిట్ల సమాచారము ఒకే కంట్రోల్ యూనిట్‌కు చేరునపుడు ఏది ఎవరి మాటో ఎట్లు తెలియును? ప్రతి యూనిట్ మీద దాని వరుస సంఖ్యను అమర్చే మీట ఉంటుంది. సీరియల్ ప్రసారములో దీనిని చిరునామా అంటారు. నూరవ అభ్యర్థి ఏడవ యూనిట్‌లో నాలుగవ మీట వద్ద ఉంటాడు. లెక్క కొరకు చూచినచో 12 యూనిట్లకు 4 బిట్లు, 16 మీటలకు 4 బిట్లు చాలును. ఆ రైతులందరి నుండి ఒకరిని ఎంచుకొనుటకు ఒక్క బైటు సరిపోతుందన్నమాట. కాని ఒక యూనిట్ మీద సంఖ్య తప్పుగా అమర్చితే ప్రతి బిట్టు సరిగా చేరినను ఓటు వేరొకరికి పడును. కనుక పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట జరిపే నమూనా పోలింగు ఇటువంటి చోట వట్టి లాంఛనము కాదు.

తీగ మీది నమ్మకము

పరీక్ష సంఖ్య ప్రమాదవశాత్తు వచ్చే దోషమును పట్టును గాని, బుద్ధిపూర్వకముగా మార్చినదానిని పట్టలేదు. మార్చినవాడు పరీక్ష సంఖ్యను కూడా తిరిగి లెక్కించి పెట్టగలడు. 2006 తరువాతి యంత్రములలో రెండు యూనిట్ల మధ్య సంకేతములు ఎప్పటికప్పుడు మారే ఏర్పాటు చేసినట్లు, ఎం-3లో యూనిట్లు ఒకదానినొకటి ధ్రువీకరించుకొనునట్లు ఎన్నికల సంఘము ప్రకటించినది.

2010లో హైదరాబాదుకు చెందిన హరి ప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్సుకు చెందిన రోప్ గోంగ్‌గ్రైప్ మొదలగువారు ఒక పాత యంత్రమును పరిశీలించి పరిశోధన పత్రము ప్రచురించినారు. కంట్రోల్ యూనిట్ లోపల ఓట్లను దాచే మెమరీ చిప్పుల మీద చిన్న క్లిప్పు తగిలించి ఓట్లను మార్చి చూపినారు. యంత్రము చేతికి చిక్కి, పెట్టె తెరిచే అవకాశము ఉంటేనే ఇది సాధ్యము. తన భద్రతా ఏర్పాట్ల నడుమ అటువంటి అవకాశము దొరకదని సంఘము వాదించినది. సాంకేతికముగా గమనించవలసినది ఏమనగా, ప్రాసెసరుకు, మెమరీకి మధ్య నడిచే వరుస బిట్లకు అక్కడ ఎట్టి ధ్రువీకరణ లేదు. తీగను పట్టుకొన్నవాని మాటే చెల్లినది.

2024 ఏప్రిల్ 26న సుప్రీం కోర్టు కాగితపు బ్యాలెట్లకు తిరిగి వెళ్ళవలెనన్న కోరికను తిరస్కరించినది. అయితే రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు ఫలితము వెలువడిన 7 రోజులలోగా కోరినచో, ఒక్కొక్క శాసనసభ నియోజకవర్గ పరిధిలో 5 శాతము యంత్రముల కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్‌లలోని మైక్రోకంట్రోలర్ల మెమరీని తయారీ సంస్థల ఇంజనీర్లు పరిశీలించవలెనని ఆదేశించినది.