గట్టర్‌కు జాలీ కట్టినా వాన నీళ్లు ఎందుకు గెంతుతున్నాయి?

మా నానీ వాళ్ల ఇంటి వెనక వైపు బాగా వాలుగా రేకులు వేయించారు. పక్కనే పెద్ద వేపచెట్టు. ఏటా ఆకులు నిండి గట్టర్ పొంగుతోందని, వేసవిలో దాని మీద సన్న జాలీ కట్టించారు. ఇక బేఫికర్ అనుకున్నారు అందరూ. జూన్‌లో మొదటి గట్టి వాన పడింది. గట్టర్‌లో ఒక్క ఆకు లేదు. కానీ నీళ్లు కూడా లేవు! రేకుల మీంచి జారిన నీళ్లు జాలీ మీదుగా గెంతి, గోడ దాటి పక్కింటి వాకిట్లో పడ్డాయి. తెల్లారి ఆ ఇంటి కోడలు వచ్చి, "ఖాలా, మీ ఇంటి వాన మా ఇంట్లో పడుతోంది" అంది. నవ్వుతూనే అంది, కానీ ఆమె గోడ నిజంగానే తడిసి ఉంది.

ఇక్కడ గట్టర్ అంటే మురుగు మోరీ కాదు. చూరు కింద, రేకుల అంచు వెంబడి కట్టే వాన కాలువ. దాని మీద ఆకులు పడకుండా వేసేదే గట్టర్ జాలీ. రేకుల ఇళ్లకు, బెంగుళూరు పెంకుల ఇళ్లకు, ఇంటి ముందు వాలుగా వేసే షెడ్లకు, నమాజీల కోసం సహన్ మీద రేకులు వేసిన మస్జిద్‌లకు అందరికీ పనికొచ్చే విషయం ఇది. జాలీ మంచిదే. అయితే అది ఆకుల్ని ఆపుతుంది, నీటి వేగాన్ని ఆపదు. ఈ తేడా తెలియక డబ్బు పెట్టి కూడా ఇబ్బంది పడుతుంటాం.

ముందు నీటి లెక్క చూద్దాం

ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు వస్తాయి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న ఇంటి కప్పు దాదాపు 55 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన పడితే, ఆ కప్పు మీద గంటలో సుమారు 2,750 లీటర్లు దిగుతాయి. నిమిషానికి 45 లీటర్ల పైనే. అంటే నిమిషానికి మూడు పెద్ద బకెట్లు!

2020 అక్టోబరు 13 నాటి హైదరాబాద్ వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్లు కురిసింది. అలాంటి వాన మన 30 అడుగుల ఇంటి మీద పడితే పది వేల లీటర్ల పైమాటే. 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు తెచ్చి మన చూరు దగ్గర కుమ్మరించినట్టు.

ఈ నీళ్లన్నీ గోడ మొదట్లో పడితే ఏమవుతుంది? చూరు కింద నేల గాడి పడుతుంది. చిమ్మిన బురదతో గోడ అడుగు తడుస్తుంది. మట్టి గోడలు, పాత సున్నం గోడలు అయితే లోపల్లోపల నానిపోతాయి. ప్రతి వర్షాకాలంలో పాత ఇళ్లు కూలి మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. గోడ ఒక్కరోజులో కూలదు, అడుగు నుంచి నాని నాని కూలుతుంది. గట్టర్ విషయాన్ని చిన్నగా తీసుకోకూడదు అనేది అందుకే.

వాలు ఎక్కువైతే వచ్చే తేడా

కప్పు వాలు పెంచినంత మాత్రాన పడే వాన పెద్దగా పెరగదు. గాలివాన కొట్టే వైపు కొంచెం ఎక్కువ తడుస్తుంది, అంతే. పెరిగేది నీటి వేగం. సమంగా ఉన్న స్లాబ్ మీద పడ్డ నీళ్లు తాపీగా నడిచి పైపు దగ్గరికి వస్తాయి. పది అడుగుల అడ్డానికి ఆరడుగుల ఎత్తు లేపిన కప్పు మీద నీళ్లు పరుగెత్తుకొస్తాయి. అంచు దగ్గర ఆగవు, ముందుకు గెంతుతాయి.

రేకుల్లో ఇంకో సంగతి ఉంది. ప్రతి గాడి ఒక చిన్న కాలువ. నీళ్లన్నీ గాడుల్లోకి చేరి, అంచు దగ్గర ధారలుగా బయటికొస్తాయి. పెంకులు గరుకుగా ఉంటాయి కాబట్టి కొంచెం నయం. రెండు వాలులు కలిసే మూల అయితే అన్నిటికంటే కష్టం. రెండు వైపుల నీళ్లు ఒకే చోట దూకుతాయి. గట్టర్ ఎక్కువగా పొంగేది అక్కడే.

జాలీ పెట్టాక ఎందుకు గెంతాయి?

నానీ ఇంట్లో జాలీని రేకు ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా, బిగుతుగా కట్టారు. చూడ్డానికి బాగుంది. ఆకులు కూడా జారిపోయాయి. కానీ రేకు ఎక్కడ అయిపోయిందో, గట్టర్ ఎక్కడ మొదలైందో నీటికి తెలియనే లేదు. జాలీని కూడా రేకే అనుకున్నట్టు దాని మీదుగా వెళ్లిపోయింది. పైగా జాలీ చాలా సన్నది. సన్న కన్నాల్లో నీళ్లు పొరలా నిలిచిపోతాయి. టీ వడపోసేటప్పుడు జాలీలో పొడి పేరుకుంటే టీ పక్కనుంచి కారిపోతుంది కదా, అలాగన్నమాట. ఇక్కడ టీ పొడి బదులు దుమ్ము, వేప పూత.

మరి జాలీని పూర్తిగా సమంగా పరిస్తే? నీళ్లు బాగానే దిగుతాయి, కానీ ఆకులు దాని మీదే కూర్చుంటాయి. బాదం, పనస లాంటి పెద్దాకులు నాలుగు పడితే చాలు, తడిసి మూత పెట్టినట్టు అతుక్కుంటాయి. అందుకే మధ్యరకం దారి మంచిది. జాలీకి కొంచెం వాలు ఉండాలి, కానీ కప్పు వాలు కంటే బాగా తక్కువ. బయటి అంచు దగ్గర ఒక అంగుళం పైకి లేచిన పట్టీ ఉండాలి. వేగంగా వచ్చిన నీళ్లు ఆ పట్టీకి తగిలి వెనక్కి వాలి లోపలికి దిగుతాయి.

ఏ రకం తీసుకోవాలి?

స్టీలు జాలీ: గట్టిది, తుప్పు పట్టదు. వాలు ఎక్కువ ఉన్న కప్పుకు మరీ సన్నది వద్దు. కన్నం అయిదారు మిల్లీమీటర్లు ఉంటే నీళ్లు దిగుతాయి. చింతాకు, వేప పూత కొంత లోపలికి పోతాయి. అవి పోయినా ఫర్వాలేదు, వాటిని నీళ్లే పైపులోకి తోసేస్తాయి.

ప్లాస్టిక్ జాలీ: చవక. మన ఎండలకు కొన్నాళ్లకు పెళుసుబారి విరుగుతుంది. కోతులు తిరిగే ఊళ్లలో అసలు నిలవదు.

వంపు మూత: గట్టర్‌ను పూర్తిగా కప్పి, నీళ్లు వంపును అంటుకుని సందులోకి దిగేలా చేస్తారు. నెమ్మదిగా వచ్చే నీటికి ఇది పనిచేస్తుంది. నిలువు వాలు నుంచి ఉరికొచ్చే నీరు వంపు తిరగదు, నేరుగా బయటికి పోతుంది.

స్పాంజి, బ్రష్ రకాలు: గట్టర్ లోపల దూర్చేవి. దుమ్ము పట్టి, తడి నిలిచి, చివరికి అందులోనే మొక్కలు మొలుస్తాయి.

జాలీ బుట్ట: పైపు నోటి దగ్గర పెట్టేది. చెట్టు దూరంగా ఉంటే ఇదొక్కటే చాలు. చెట్టు దగ్గరగా ఉంటే పైన జాలీ, నోటి దగ్గర బుట్ట రెండూ పెట్టుకోవాలి.

జాలీ కంటే ముందు సరిచూసుకోవాల్సినవి

ఒకటి, గట్టర్ చోటు. చూరు అంచుకు మరీ కిందగా కడితే నీళ్లు దాని మీదుగా దాటిపోతాయి. అంచుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. రేకు అంచు గట్టర్ లోపలికి రెండు అంగుళాలు రావాలి. తక్కువైతే సన్న వానలో నీళ్లు రేకు అడుగు పట్టుకుని వెనక్కి గోడ మీదికి కారతాయి.

రెండు, వెడల్పు. నిలువు వాలుకు నాలుగంగుళాల గట్టర్ చాలదు. ఆరంగుళాలు ఉంటే నీళ్లు గెంతినా అందులోనే పడతాయి.

మూడు, గట్టర్ వాలు. పైపు వైపు పదడుగులకు పావు నుంచి అర అంగుళం దిగాలి. దారం కట్టి చూడండి, కంటితో అంచనా వేయొద్దు.

నాలుగు, కిందికి దిగే పైపు. రెండంగుళాల పైపు కంటే నాలుగంగుళాల పైపు నోరు రెండింతలు కాదు, నాలుగింతలు పెద్దది. పైపు దగ్గర కక్కుర్తి పడితే మిగతా ఖర్చంతా వృథా.

అయిదు, అంచుల ఎత్తు. గట్టర్ వెనక అంచు కంటే బయటి అంచు కాస్త దిగువన ఉండాలి. జాలీ పట్టీ ఎత్తు కూడా వెనక అంచును దాటకూడదు. ఎప్పుడైనా పొంగితే నీళ్లు బయటికి పోవాలి గానీ మన గోడ లోపలికి రాకూడదు.

ఆరు, రెండు వాలులు కలిసే మూల. అక్కడ గట్టర్ బయటి అంచుకు ఆరంగుళాల ఎత్తున ఒక రేకు ముక్క నిలబెట్టించండి. దూకే నీళ్లు దానికి కొట్టుకుని లోపల పడతాయి. ఆ మూల నుంచి పైపు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

వాన రాకముందే ఒక పరీక్ష

మేస్త్రీకి డబ్బులు ఇచ్చేముందు ఈ పరీక్ష చేయించండి. కప్పు పై భాగం నుంచి మోటారు పైపుతో నీళ్లు వదలమనండి, లేదా రెండు మూడు బకెట్లు ఒకేసారి కుమ్మరించమనండి. మీరు కింద పక్కగా నిలబడి చూడండి. నీళ్లు గట్టర్ దాటి గెంతితే గట్టర్ కిందగా ఉంది, లేదా జాలీ వాలు ఎక్కువైంది. వెనక్కి గోడ మీద కారితే రేకు అంచు చాలలేదు. గట్టర్ నిండి పొంగితే పైపు చిన్నది, లేదా గట్టర్ వాలు తప్పింది. ఏది తప్పో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

జాలీ ఉంది కదా అని మర్చిపోవద్దు

జాలీ పెడితే శుభ్రం చేసే పని తగ్గుతుంది, పూర్తిగా పోదు. వేసవి మొదట్లో వేపాకు రాలిపోయాక ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి, వానల మధ్యలో ఒకసారి చూసుకోవాలి. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్లు ఉంటాయి కాబట్టి దసరా రోజుల్లో ఇంకోసారి.

గట్టర్‌లో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి నిల్వ నీళ్లు పారబోయమని, శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య శాఖ వాళ్లు చెబుతుంటారు. జుమా రోజు ఇల్లు శుభ్రం చేసుకునేటప్పుడు ఒకసారి తలెత్తి చూరు వైపు కూడా చూడండి. వాన వెలిసిన మర్నాడు కూడా గట్టర్ నుంచి బొట్టు బొట్టు కారుతుంటే లోపల నీళ్లు నిలిచాయని అర్థం.

శుభ్రం చేసేటప్పుడు ప్రాణం ముఖ్యం. పాత సిమెంటు రేకుల మీద కాలు పెట్టొద్దు, చెప్పకుండా విరుగుతాయి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి పొడిగా గీకడం, కోయడం, కన్నాలు వేయడం చేయొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. గట్టర్ మేకుల్ని రేకుకు కాకుండా వాసాలకు, గోడకు బిగించుకోవచ్చు. కరెంటు సర్వీసు వైరు చూరు పక్కనుంచి వెళ్తుంటే ఇనుప నిచ్చెన అటు వేయొద్దు. నిచ్చెన కింద ఒక మనిషి పట్టుకుని ఉండాల్సిందే.

దిగిన నీళ్లను రోడ్డు మీదికో, పక్కింటి గోడ మీదికో వదలకుండా ఇంకుడు గుంతకు, లేదా డ్రమ్ముకు మళ్లించండి. మొదటి పది పదిహేను నిమిషాల నీళ్లు రేకుల మీది దుమ్ము, పిట్టల రెట్ట కడుక్కుంటూ వస్తాయి కాబట్టి వాటిని వదిలేయాలి. తర్వాతి నీళ్లు బట్టలకు, మొక్కలకు, వాకిలి కడగడానికి పనికొస్తాయి. డ్రమ్ముకు మూత మాత్రం తప్పనిసరి.

నానీ ఇంట్లో చివరికి చేసింది పెద్ద పనేమీ కాదు. సన్న జాలీ తీసేసి పెద్ద కన్నాలది, తక్కువ వాలుతో వేయించారు. గట్టర్‌ను చూరుకు దగ్గరగా జరిపించారు. మూలన రేకు ముక్క నిలబెట్టారు. పైపు మార్చి ఇంకుడు గుంతలోకి వదిలారు. ఒక పూట పని. తర్వాత వాన పడిన రోజు నానీ మొదట చూసింది తన గట్టర్‌ను కాదు, పక్కింటి గోడను. పొడిగా ఉంది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని, అప్పుడు లోపలికి వచ్చి కూర్చుంది.