వాటాల ధరలు పడు కాలమున క్రొత్తవారు తెలిసికొనదగినవి

మాదన్నపేట కూరగాయల మార్కెట్టునకు సరకు తెచ్చు రైతులకు ధర పడుట యన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. సరకు మితిమీఱి వచ్చిననాడు మేలైన వంకాయయు చౌకయగును. అది కాయలోని దోషము కాదు. పుచ్చిన కాయనన్ననో ఏనాడును ఎవ్వరును కొనరు. కంపెనీల వాటాల, అనగా షేర్ల, ధరలు పడుటయందును ఈ రెండు విధములు గలవు. "ధరలు తగ్గినవి గదా, ఇప్పుడు కొనవచ్చునా?" యని మమ్మడుగు సభ్యులు మొదట ఈ భేదమును గుర్తింపవలయును.

మన సహకార సంఘమున వాటా విలువ దినదినమును మాఱదు. ఎన్ని వాటాలున్నను సభ్యునకు ఓటొక్కటియే. కంపెనీ వాటా ధర యట్లు గాదు; కొనువారిని, అమ్మువారిని బట్టి అది క్షణక్షణము మాఱును. కంపెనీ మునిగినచో అప్పులవారికి చెల్లింపగా మిగిలినదే వాటాదారునకు దక్కును. ఏమియు మిగులకపోవుటయు గలదు.

మొదటి విధము, అంగడి యంతయు పడుట. ముప్పది పెద్ద కంపెనీల ధరలను దెలుపు సెన్సెక్సు 2020 జనవరిలో 42,000 తాకి, కరోనా భయముచే మార్చి 23వ తేదీకి 26,000కు దిగి, నవంబరులో మరల 42,000 దాటెను. 2008 జనవరిలో 21,000 తాకి పడినపుడు మాత్రము పూర్వస్థితి చేరుటకు 2010 నవంబరు వఱకు పట్టెను. ఒకపరి పది మాసములు, ఒకపరి దాదాపు మూడేండ్లు! ఎంతకాలము పట్టునో ముందుగ చెప్పగలవారు లేరు.

రెండవది, సరకే పుచ్చుట. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు లేని సొమ్మును లెక్కలలో ఉన్నట్లు చూపితినని 2009 జనవరి 7న తానే వ్రాసి యొప్పుకొనెను. ఆనాడే వాటా సుమారు 179 రూపాయలనుండి 40 రూపాయలకు పడెను. సగము ధరయని నడుమ 90 రూపాయలకు కొన్నవానికి సాయంకాలమునకే అందును సగమునకు పైగా పోయినట్లే.

కావున క్రొత్తవారు పాటింపదగిన నియమములివి:

1. విత్తనములకు, ఎరువులకు, వైద్యమునకు, పిల్లల చదువునకు కావలసిన సొమ్ము ఇందు పెట్టరాదు. పంట అప్పు తెచ్చి వాటాలు కొనుట మిక్కిలి ప్రమాదము. వాయిదా దినము వచ్చునపుడు ధర పడియున్నను అమ్మక తప్పదు. కళ్లములోనే ధాన్యమును అయినకాడికి అమ్ముకొనుట యెట్టిదో మన మెఱుంగుదుము.

2. సెబీ వద్ద నమోదైన బ్రోకరు ద్వారానే డీమ్యాట్ ఖాతా తెఱువవలయును. నిశ్చయముగ లాభము వచ్చునని ఫోనులో చెప్పువారిని నమ్మరాదు.

3. లాభము ఏటేట వచ్చుచున్నదా, అప్పెంత, నగదు నిజముగ చేతికందుచున్నదా యని వార్షిక నివేదికలో చూడవలయును. లెక్కలే అబద్ధమైనచో చదివినను తెలియదు గనుక, సొమ్మంతయు ఒక్క కంపెనీలో ఉంచరాదు. పెక్కు కంపెనీలను కలిపి కొను ఇండెక్సు ఫండు క్రొత్తవారికి అనుకూలము.

4. ఒక్కసారిగ గాక కొంచెము కొంచెముగ కొనవలయును. నెలకు 2,000 రూపాయల చొప్పున 100, 80, 50 రూపాయల ధరలకు కొనినచో 6,000 రూపాయలకు 85 వాటాలు వచ్చును; ఒక్కొక్కటి సుమారు 70 రూపాయల 60 పైసలు పడును. మొదటనే అన్నియు కొనినచో 60 మాత్రమే వచ్చెడివి. అయితే ఈ లెక్క మంచి సరకునకే చెల్లును. పుచ్చినదానిని చౌకయని మరల మరల కొనుట నష్టమును పెంచుకొనుటయే.

ఐదేండ్లు ముట్టనక్కఱలేని మిగులు లేనివారు ఇప్పటికి వాటాల జోలికి పోక, మొదట అప్పు తీర్చుకొనుట మేలని మా యభిప్రాయము.